గొంతు మారిన బ్యాండు: పాత ఆల్బమ్‌నీ కొత్త ఆల్బమ్‌నీ పోల్చి వినడం ఎలా

తప్పెటగుళ్ల దళంలో ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి మారాడనుకోండి. వెనక వాయించేవాళ్లు పాతవాళ్లే, అడుగులు పాతవే. అయినా చూసినవాళ్లు ‘దళమే మారిపోయింది’ అనేస్తారు. రాక్ బ్యాండులకూ ఇదే గతి. లీడ్ సింగర్ మారిన దగ్గర్నుంచి కనిపించిన ప్రతి తేడానూ ఆ కొత్త మనిషి పద్దులో రాసేస్తారు. డ్రమ్ముల మోత పెరిగినా, కీబోర్డు చేరినా, పాటలు పొట్టివైనా కారణం ఆయనే. ఆ రెండు ఆల్బమ్‌ల మధ్య ప్రొడ్యూసర్ (డబ్బు పెట్టేవాడు కాదు, రికార్డింగు తీరంతా చూసుకునేవాడు) మారాడా, పాటలు రాసే చెయ్యి మారిందా అని అడిగేవాళ్లు తక్కువ.

గొంతు వల్ల ఎంత మారిందో తేలాలంటే ముందు మిగతా మార్పులను తీసి పక్కన పెట్టాలి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, వైరున్న హెడ్‌ఫోన్స్, హార్మోనియం గానీ ఫోన్‌లో కీబోర్డు యాప్ గానీ, మూడు రోజుల్లో రోజుకు రెండు గంటలు చాలు.

ఏ జతతో మొదలుపెట్టాలి

కొత్తవాళ్లకు ఏసీ/డీసీ బ్యాండును మించిన బడి లేదు. 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో దాని సింగర్ బాన్ స్కాట్ చనిపోయాడు. అదే ఏడాది జూలై 25న బ్రయన్ జాన్సన్ గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చింది. దానికి ముందుది 1979 నాటి ‘హైవే టు హెల్’. రెండింటిలోనూ గిటార్లు ఆంగస్, మాల్కమ్ యంగ్ అన్నదమ్ములవి, బేస్ క్లిఫ్ విలియమ్స్, డ్రమ్స్ ఫిల్ రడ్, ప్రొడ్యూసర్ మట్ లాంగ్. రెండింటిలోనూ పదేసి పాటలు, నిడివి దాదాపు 42 నిమిషాలు. మారింది గొంతు, గొంతుతోపాటు మాటలు రాసే చెయ్యి, స్టూడియో. మొదటిది లండన్‌లో తయారైంది, రెండోది బహామాస్‌లోని కంపాస్ పాయింట్‌లో.

ఇక్కడ ఇంకో వెసులుబాటు కూడా ఉంది. 1978 నాటి ‘పవరేజ్’లో వాయించినవాళ్లూ పాడినవాడూ ‘హైవే టు హెల్’ మనుషులే. ప్రొడ్యూసర్లు మాత్రం హ్యారీ వాండా, జార్జ్ యంగ్. అంటే ‘పవరేజ్’ నుంచి ‘హైవే టు హెల్’కి వచ్చేసరికి ప్రొడ్యూసర్ మారాడు, గొంతు మారలేదు. ‘హైవే టు హెల్’ నుంచి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’కి గొంతు మారింది, ప్రొడ్యూసర్ మారలేదు. మూడూ వరసగా వింటే ఏది ఎవరి పనో దానంతట అదే విడిపోతుంది. పల్లవి దగ్గర నలుగురూ కలిసి గట్టిగా అందుకునే ఆ కోరస్‌ను చాలామంది ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ గొప్పతనం అనుకుంటారు. ‘హైవే టు హెల్’ పేరు పాట పల్లవి విని చూడండి, బాన్ స్కాట్ ఉండగానే అది వచ్చేసింది. అది లాంగ్ తెచ్చిన అలవాటు, జాన్సన్ తెచ్చింది కాదు.

ఈ మూడు ఆల్బమ్‌ల పద్ధతి ఎక్కడ దొరికినా వదలకండి. పాత సింగర్‌తో చివరి రెండు, కొత్త సింగర్‌తో మొదటిది. సింగర్ మారకుండానే బ్యాండు ఎంత మారుతుందో మొదటి రెండూ చూపిస్తాయి. ఆ కొలత చేతిలో లేకపోతే మూడోదాని గురించి ఏం చెప్పినా గాలిలో మాటే.

రెండో పాఠానికి ఐరన్ మెయిడెన్ పనికొస్తుంది. 1981 నాటి ‘కిల్లర్స్’లో పాల్ డియానో పాడాడు, 1982 నాటి ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’లో బ్రూస్ డికిన్సన్ పాడాడు. మిగతా నలుగురూ వాళ్లే, ప్రొడ్యూసర్ మార్టిన్ బర్చే. చూడ్డానికి ఇది కూడా శుభ్రమైన జతే. కాకపోతే ‘కిల్లర్స్’ పాటల్లో చాలా భాగం బ్యాండు తొలినాళ్లలోనే కట్టి పెట్టుకున్నవి. ‘బీస్ట్’ పాటలన్నీ అప్పటికప్పుడు కొత్తగా రాసినవి. పాటల కట్టడంలో మీకు తేడా వినిపిస్తే దాన్నంతా డికిన్సన్‌కి కట్టబెట్టకూడదు. పైగా పాత బ్యాండు ఒప్పందం అడ్డుపడటంతో ఆ ఆల్బమ్‌లో రచయితగా ఆయన పేరు వేయలేదు. కవర్ మీద పేరు లేనంత మాత్రాన ఆయన చెయ్యే పడలేదనీ చెప్పలేం. అందుకే క్రెడిట్లను ఆధారంగా వాడండి, తీర్పుగా వాడకండి.

మూడోది బ్లాక్ సబ్బాత్. ఇది చిక్కుముడి, మొదటి రెండూ అయ్యాకే పట్టుకోండి. ఓజీ ఆస్బోర్న్‌తో 1978లో ‘నెవర్ సే డై’, రానీ జేమ్స్ డియోతో 1980లో ‘హెవెన్ అండ్ హెల్’. మొదటిదాన్ని బ్యాండే ప్రొడ్యూస్ చేసుకుంది, రెండోదానికి మార్టిన్ బర్చ్ వచ్చాడు. ఓజీ ఉన్నప్పుడు మాటలు ఎక్కువగా రాసింది బేసిస్టు గీజర్ బట్లర్. డియో వచ్చాక ఆ పని డియో చేతికి పోయింది. ఒక్క మనిషి మారితే రెండు కుర్చీలు మారాయి.

వాన్ హేలెన్ జత గురించి ఒక జాగ్రత్త. డేవిడ్ లీ రాత్ వెళ్లి శామీ హేగర్ వచ్చాక బ్యాండు సింథసైజర్ల బాట పట్టిందని గట్టిగా వాదించేవాళ్లున్నారు. సింథసైజర్ మీదే నడిచే ‘జంప్’ పాట 1984 జనవరిలో వచ్చిన ‘1984’ ఆల్బమ్‌లోది, అంటే రాత్ ఉండగానే వచ్చింది. ఆ ఆల్బమ్ తయారైంది కూడా గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన ఇంట్లో కట్టుకున్న స్టూడియోలోనే. 1986 నాటి ‘5150’కి ఆ స్టూడియో పేరే పెట్టారు. మార్పు గొంతు కన్నా ముందే మొదలైంది. ఇంకో మాట, పల్లవుల్లో పైన వినిపించే ఆ సన్నటి జంట గొంతు బేసిస్టు మైకేల్ ఆంథనీది. అది రెండు ఆల్బమ్‌లలోనూ ఉంది. హేగర్‌ని మెచ్చుకుంటున్నామనుకుని చాలామంది ఆంథనీని మెచ్చుకుంటుంటారు.

నోటు పుస్తకంలో ముందు రాయాల్సింది

వినడానికి ముందే ఒక పేజీ మధ్యలో గీత గీసి ఎడమ పక్క పాత ఆల్బమ్‌కి, కుడి పక్క కొత్తదానికి ఇవ్వండి. విడుదల సంవత్సరం, ప్రొడ్యూసర్, స్టూడియో, ఒక్కొక్క వాయిద్యం ఎవరిది, మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, వెనక గొంతులు ఎవరివి, పాటలెన్ని, మొత్తం నిడివి ఎంత. రెండు పక్కలా ఒకేలా ఉన్న వరసలు కొట్టేయండి. మిగిలిన వరసలే మీ అనుమానితులు. గొంతు అందులో ఒకటి, అంతే. గొంతు కాకుండా మూడుకు మించి వరసలు మిగిలితే ఆ జతను పక్కన పెట్టి ఇంకొకటి వెతుక్కోవడం మేలు.

వెనక గొంతుల వరసను తేలిగ్గా తీసుకోకండి. జెనెసిస్‌లో 1975లో పీటర్ గేబ్రియల్ వెళ్లిపోయాక డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడటం మొదలుపెట్టాడు, 1976లో ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ వచ్చింది. కానీ కాలిన్స్ గొంతు గేబ్రియల్ ఆల్బమ్‌లలో వెనక ఎప్పటి నుంచో ఉంది. 1973లో ఒక పాట పూర్తిగా ఆయనే పాడాడు కూడా. ‘కొత్త’ గొంతు పాత ఆల్బమ్‌లోనే ఉంటే పోలిక తీరే మారిపోతుంది.

ఏ ముద్రణ వినాలి

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. పాత ఆల్బమ్ 1980ల నాటి సీడీ, కొత్తది ఈమధ్య రీమాస్టర్ చేసిన (పాత రికార్డింగుకే శబ్దం కొత్తగా సర్దిన) ఫైలు అయితే రీమాస్టర్‌దే పైచేయి అవుతుంది. శబ్దం కాస్త పెద్దగా ఉంటే చెవికి అదే బాగున్నట్టు తోస్తుంది. ఒక డెసిబెల్ తేడా ఉన్నా చాలు, పెద్దగా ఉందని తెలియదు, ‘ఇందులో జోరుంది’ అనిపిస్తుంది. ఆ జోరు సింగర్‌ది కాదు, మాస్టరింగ్ ఇంజినీర్ తిప్పిన బటన్‌ది.

అందుకని రెండూ ఒకే వరసలో వచ్చిన ముద్రణలు తీసుకోండి. ఏసీ/డీసీ ఆల్బమ్‌లు 2003లో వరసగా రీమాస్టర్ అయ్యాయి, రెండూ ఆ వరసలోవే అయితే సరి. పాటల జాబితా కూడా సరిచూసుకోండి. ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’లో మొదట 8 పాటలే. తర్వాతి ముద్రణల్లో ‘టోటల్ ఎక్లిప్స్’ చేరింది. ‘కిల్లర్స్’కి కూడా అమెరికా ముద్రణలో ఒక పాట ఎక్కువ. పోల్చేటప్పుడు మొదటి బ్రిటన్ ముద్రణలో ఉన్నవే వినండి. ఎక్స్‌ట్రా పాటలు ఆల్బమ్ నడకను చెడగొడతాయి.

శబ్దం సమం చేయడానికి రెండు దారులు. స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు సెట్టింగ్స్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేయాలి. స్పాటిఫైలో ఆల్బమ్‌ను మొదటి నుంచి వరసగా వింటే మొత్తానికి ఒకే సర్దుబాటు జరుగుతుంది. రెండు ఆల్బమ్‌ల పాటలూ ఒక ప్లేలిస్టులో కలగాపులగం చేస్తే పాటకొక సర్దుబాటు పడుతుంది. అప్పుడు నెమ్మది పాట కూడా గట్టి పాటంత పెద్దగా వినిపించి అసలు తేడా చెరిగిపోతుంది. కాబట్టి ప్లేలిస్టు చేయకండి.

సీడీ నుంచి ఫైళ్లు తీసుకునేవాళ్లు కంప్యూటర్‌లో ఫూబార్ 2000 అనే ప్లేయర్ వాడొచ్చు, అది ఉచితం. ఆల్బమ్ పాటలన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ మెనూలో రీప్లేగెయిన్ (శబ్దం సమం చేసే ఏర్పాటు) కింద ‘ఒకే ఆల్బమ్‌గా స్కాన్’ అన్న అర్థం వచ్చే ఆప్షన్ నొక్కాలి. రెండో ఆల్బమ్‌నూ అలాగే విడిగా స్కాన్ చేయాలి. తర్వాత ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ పేజీకి వెళ్లి సోర్స్ మోడ్ ‘ఆల్బమ్’ అని పెట్టాలి. చాలామంది స్కాన్ చేసి ఈ రెండో పని మరిచిపోతారు. అప్పుడు స్కాన్ జరిగినా వినేటప్పుడు ఏమీ మారదు. రెండు ఆల్బమ్‌ల మధ్య ఒకసారి అటూ ఇటూ మార్చి చూస్తే తెలిసిపోతుంది, వాల్యూమ్ మీదకి చెయ్యి పోకూడదు.

పాత క్యాసెట్లు ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన విశాఖ సముద్రపు తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది, డెక్‌లో రబ్బరు బెల్టు సాగిపోతుంది. బెల్టు సాగితే టేపు నెమ్మదిగా తిరిగి శ్రుతి పడిపోతుంది. వేగం 6 శాతం మారితే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు జరిగినట్టే. ‘పాతాయన గొంతు ఇంకా కిందిది’ అని రాసేముందు అది ఆయన గొంతా, మీ డెక్ బెల్టా అన్నది తేల్చుకోండి. ‘హైవే టు హెల్’ పేరు పాట ఆరో శ్రుతిలో, అంటే గిటార్ భాషలో ‘ఏ’లో ఉంటుంది. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పేరు పాట మూడో శ్రుతిలో, ‘ఈ’లో ఉంటుంది. గిటార్ మొదటిసారి మోగిన దగ్గర కీబోర్డు మెట్టు నొక్కి చూడండి. కలవకపోతే ఆ టేపుతో శ్రుతి లెక్కలు వేయొద్దు.

గది, వేళ

బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తింటూ వినడానికి ఏ పాటైనా బాగానే ఉంటుంది. పోల్చడం మాత్రం అక్కడ కుదరదు. అలల హోరు అన్ని స్థాయుల్లోనూ పరుచుకుని పాడేవాడి ఊపిరినీ, మాటల చివరి హల్లులనూ మింగేస్తుంది. గాజువాక నుంచి కాంప్లెక్స్ దాకా బస్సులో వింటే ఇంజిను మోత కింద బేస్ గిటార్ పోతుంది. బేస్ పోతే గొంతు ముందుకొచ్చినట్టు అనిపిస్తుంది.

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. ఉక్కపోతలో అది కష్టమే, అందుకే తెల్లవారుజామున గానీ రాత్రి తొమ్మిది దాటాక గానీ కూర్చోండి. ఏసీ ఉంటే గదిని ముందే చల్లబరిచి, వినేటప్పుడు ఆపేయండి. ఎన్ఏడీ వైపు ఉండేవాళ్లు విమానాల వేళలు చూసుకోవాలి. స్పీకర్లతో వినేవాళ్లు వాటిని గోడకు రెండడుగులు ఎడంగా పెట్టి, రెండు స్పీకర్ల మధ్య దూరమెంతో మీకూ స్పీకర్లకూ మధ్య అంతే ఉండేలా కూర్చోండి. మన అపార్ట్‌మెంట్ల టైల్స్ నేల, సిమెంటు గోడలు శబ్దాన్ని తిప్పికొట్టి డికిన్సన్ లాంటి పైస్థాయి గొంతును గీరుగా చేస్తాయి. నేల మీద జంపఖానా, ఎదురు గోడకు మడతపెట్టిన పరుపు ఆనిస్తే సగం గోల తగ్గుతుంది. రాత్రి పది దాటితే హెడ్‌ఫోన్సే.

ఫోన్‌లో ఈక్వలైజర్, బేస్ బూస్ట్, డాల్బీ లాంటివన్నీ ఆపేయండి. వాల్యూమ్ ఒకసారి పెట్టాక అక్కడ చిన్న గుర్తు పెట్టుకుని మూడు రోజులూ అక్కడే ఉంచండి.

వినే క్రమం

మొదటి రోజు పాత ఆల్బమ్ ఆపకుండా మొత్తం వినండి. పదిహేను నిమిషాలు లేచి తిరగండి. తర్వాత కొత్తది మొత్తం. ఏమీ రాయొద్దు, మాటల కాగితం చూడొద్దు. రెండో రోజు కొత్తది ముందు, పాతది తర్వాత. రెండోసారి వినేదానికి చెవి అలసి ఉంటుంది. వరస తిప్పకపోతే ఆ అలసట ఎప్పుడూ ఒకే ఆల్బమ్ మీద పడి దాన్ని ముంచేస్తుంది. మూడో రోజు ముక్కలు ముక్కలుగా, ఆపుతూ, రాసుకుంటూ.

ఒక పక్షపాతం మాత్రం ఏ వరసతోనూ పోదు. ముందు ఏ గొంతుతో పరిచయమైతే అదే ‘అసలుది’ అనిపిస్తుంది. ఎన్టీఆర్ తెర మీద ఉంటే ఘంటసాలే పాడాలన్న తరం ఒకటి, బాలు పాటతో పెరిగిన తరం ఇంకొకటి. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడతారు, ఇద్దరి చెవులూ ఒకటి కావు. పేజీ పైన మీరు ముందు ఎవరి గొంతు విన్నారో రాసుకోండి. నలుగురు కలిసి వింటుంటే ముందు కొత్త గొంతును విన్నవాళ్లు ఒక్కరైనా ఉండేలా చూసుకోండి. ఎవరికి తోచింది వాళ్లు రాసుకునేదాకా మాట్లాడుకోవద్దు. మొదట నోరు తెరిచినవాడి అభిప్రాయమే గదంతా పాకుతుంది.

గొంతు కొలవడం

మూడో రోజు ఒక్కో ఆల్బమ్ నుంచి మూడు పాటలు తీసుకోండి. ఒకటి వేగంది, ఒకటి నడకది, ఒకటి ఆల్బమ్‌లో అన్నిటికన్నా నెమ్మదిది. ఒక్కో పాటలో మూడు స్వరాలు పట్టుకోవాలి. పాడేవాడు కనీసం ఒక దెబ్బంత సేపు (తాళంలో ఒక్క వేటు) నిలిపిన అతి కింది స్వరం, అలాగే నిలిపిన అతి పై స్వరం, చరణంలో ఎక్కువ మాటలు ఏ స్వరం చుట్టూ తిరుగుతున్నాయో అది. ఈ మూడోదే ముఖ్యం. పై స్వరం ఒక్కసారి తాకడం ఎవరైనా చేస్తారు, పాటంతా అక్కడే కాపురం ఉండటం వేరు.

జీర గొంతుల దగ్గర ట్యూనర్ యాప్ పిచ్చెక్కినట్టు ఊగుతుంది. జాన్సన్ గొంతులో గరుకు స్వరాన్ని కప్పేస్తుంది. యాప్ మీద ఆధారపడకుండా మీరే ఆ ముక్కను కూనిరాగం తీసి, ఆ కూనిరాగాన్ని హార్మోనియం మీద వెతకండి. ఇక్కడో గొయ్యి ఉంది. మగవాళ్లు తెలియకుండానే ఒక స్థాయి కిందికి దిగి కూనిరాగం తీస్తారు. స్వరం సరిగ్గా దొరుకుతుంది, స్థాయి తప్పుతుంది. మధ్య స్థాయి మెట్టు, తార స్థాయి మెట్టు రెండూ నొక్కి పాటతో కలిపి వింటే ఏదో తేలుతుంది.

మన కచేరీల్లో గాయకుడికి తగ్గట్టు శ్రుతి మారుతుంది. ఐదున్నరలో పాడేవాళ్లుంటారు, ఒకటిలో పాడేవాళ్లుంటారు, పక్కవాద్యాలు వాళ్ల వెంట వెళ్తాయి. ఏసీ/డీసీ లాంటి గిటార్ బ్యాండులో ఇది తలకిందులు. రిఫ్‌లు, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు, ‘ఈ’, ‘ఏ’ లాంటి ఖాళీ తీగల మీద పుడతాయి కాబట్టి శ్రుతి అక్కడే ఉండిపోతుంది. కొత్త గొంతే దానికి సర్దుకోవాలి, చాలాసార్లు పై స్థాయికి ఎక్కి. అందుకే రాక్‌లో సింగర్ మారినప్పుడు తేడా అంత కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది.

తర్వాత మాటల ఒత్తిడి. చరణంలో నాలుగు దెబ్బలకు ఒక ఆవర్తం చొప్పున ఎనిమిది ఆవర్తాలు లెక్కపెట్టి, వాటిలో ఎన్నిసార్లు నోరు కదిలిందో లెక్కించండి. ఇంగ్లిష్ అక్షరాలు లెక్కపెట్టకండి, పలుకులు లెక్కపెట్టండి. మొత్తాన్ని ఎనిమిదితో భాగించి రెండు ఆల్బమ్‌ల అంకెలూ పక్కపక్కన పెట్టండి. ఆ తర్వాత మాట దెబ్బ మీద పడుతోందా, కాస్త వెనకబడి పడుతోందా చూడండి. చేత్తో తాళం వేస్తూ వింటే తెలిసిపోతుంది. బాన్ స్కాట్ కబుర్లు చెప్పేవాడిలా దెబ్బ దాటాక మాట వదులుతాడు, జాన్సన్ దెబ్బను పట్టుకుని లాగుతాడు. ఇది అభిప్రాయమే, మీ చేతి తాళం వేరే మాట చెబితే దాన్నే నమ్మండి.

‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ పేరు పాట మొదట్లో వినిపించే గంభీరమైన మాటలు డికిన్సన్ లెక్కలో వేసుకోకండి. అవి చదివింది బ్యారీ క్లేటన్ అనే నటుడు.

రిఫ్ మీద గొంతు ఎక్కడ కూర్చుంది

అన్నిటిలోకీ విలువైన పరీక్ష ఇదే, అయినా ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. గొంతు రిఫ్‌తోపాటే నడుస్తోందా, రిఫ్ ఆగిన ఖాళీల్లో పలుకుతోందా, రిఫ్‌కి అడ్డంగా తన దారిన తాను పోతోందా? ఒక్కో చరణానికి ఈ మూడింటిలో ఒకటి రాయండి.

బ్లాక్ సబ్బాత్‌లో ఈ తేడా పసిపిల్లలకైనా తెలుస్తుంది. 1970 నాటి ‘ఐరన్ మ్యాన్’లో ఓజీ గొంతు గిటార్ రిఫ్ అడుగుజాడల్లోనే నడుస్తుంది. గిటార్ ఎక్కితే ఎక్కుతుంది, దిగితే దిగుతుంది. ‘హెవెన్ అండ్ హెల్’ పేరు పాటకు రండి. చరణం రాగానే పెద్ద రిఫ్ పక్కకు తప్పుకుంటుంది, బేస్ ఒక్కటే దరువు మోస్తుంది, ఆ ఖాళీలో డియో తన బాణీ తాను అల్లుకుంటాడు. గొంతు మారినందువల్ల గిటార్ వాయింపే మారిందన్నమాట. సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కూడా ఓజీ రిఫ్ వెంట పాడేవాడనీ, డియో దాని మీదుగా పాడేవాడనీ చెప్పాడు. ప్రొడ్యూసర్ మారినా, మాటల రచయిత మారినా ఇది జరిగేది కాదు. ఇలాంటి తేడా దొరికినప్పుడు ‘ఇది గొంతు వల్లే’ అని ధైర్యంగా రాయొచ్చు.

ఇదే పేజీలో మూడు అంకెలు చేర్చండి. పాట మొదలయ్యాక ఎన్ని ఆవర్తాలకు గొంతు వచ్చింది, పల్లవి ఎన్నిసార్లు తిరిగింది, గిటార్ సోలో ఎన్ని ఆవర్తాలు. కొత్త సింగర్ వచ్చాక సోలోలు పెరిగితే బ్యాండు ఇంకా అతన్ని పూర్తిగా నమ్మలేదేమో అన్నది ఒక ఊహ. ఊహ అని పక్కన రాసుకోండి.

లైవ్ రికార్డుతో సరిచూడటం

పాత సింగర్ పాటను కొత్త సింగర్ పాడితే మాటలు, బాణీ, రిఫ్ అన్నీ ఒకటే, గొంతు ఒక్కటే వేరు. ఏసీ/డీసీలో ‘హోల్ లోటా రోజీ’ని 1978 నాటి లైవ్ ఆల్బమ్‌లో బాన్ స్కాట్, 1992 నాటి లైవ్ ఆల్బమ్‌లో జాన్సన్ పాడారు. రెండో దాంట్లో డ్రమ్స్ ఫిల్ రడ్ కాదు, క్రిస్ స్లేడ్, అది తీసేసి లెక్కపెట్టుకోవాలి. మెయిడెన్ 1985 నాటి ‘లైవ్ ఆఫ్టర్ డెత్’లో డికిన్సన్ నోట ‘రాత్‌చైల్డ్’, ‘రన్నింగ్ ఫ్రీ’ లాంటి డియానో పాటలు దొరుకుతాయి. అక్కడా డ్రమ్మర్ వేరు, నికో మెక్‌బ్రెయిన్.

దీనికన్నా రుచికరమైనది తిరుగు ప్రయాణం. 1993లో డికిన్సన్ వెళ్లిపోయాక బ్లేజ్ బేలీతో 1995లో ‘ద ఎక్స్ ఫ్యాక్టర్’ వచ్చింది. బేలీది కింది స్థాయి గొంతు. మార్టిన్ బర్చ్ రిటైరయ్యాడు, ప్రొడ్యూసింగ్ బ్యాండు బేసిస్టు స్టీవ్ హారిస్, నైజెల్ గ్రీన్‌ల చేతికొచ్చింది, నిడివి 70 నిమిషాలు దాటింది. ఆ ఆల్బమ్ రుచించనివాళ్లు నింద మొత్తం బేలీ నెత్తిన వేస్తారు. 2002లో వచ్చిన ‘రాక్ ఇన్ రియో’లో, బ్యాండులోకి తిరిగొచ్చిన డికిన్సన్ అదే ఆల్బమ్‌లోని 11 నిమిషాల ‘సైన్ ఆఫ్ ద క్రాస్’ పాడాడు. రెండూ పక్కపక్కన వినండి. పాట అదే, కట్టడం అదే. డికిన్సన్ దగ్గర పల్లవి విచ్చుకుంటుంది. బేలీ దగ్గర మొదటి నెమ్మది భాగం ఎక్కువ చీకటిగా, ఎక్కువ భయంగా ఉంటుంది. స్టూడియో ఆల్బమ్ పొడిగా, బోలుగా వినిపించడంలో సగం పాపం మిక్సింగ్‌దే అని ఈ పోలిక తర్వాత ఒప్పుకోక తప్పదు.

లైవ్‌లో ఒక మోసం ఉంటుంది. జనం కేకలు పెద్దగా ఉంటే పాట గొప్పగా అనిపిస్తుంది. కేకలు తగ్గిన చరణం మధ్య భాగమే పోల్చండి.

మధ్యలో ఏళ్లు గడిచిన జతలు

ఆలిస్ ఇన్ చెయిన్స్‌లో లేన్ స్టేలీతో చివరి స్టూడియో ఆల్బమ్ 1995లో, విలియం డువాల్‌తో మొదటిది 2009లో వచ్చాయి. ఆ 14 ఏళ్లలో ఆల్బమ్‌లను పెద్ద శబ్దంతో మాస్టర్ చేసే అలవాటు బాగా ముదిరింది. ఇక్కడ శబ్దం సమం చేయకపోతే పోలికే లేదు. గిటారిస్టు జెరీ కాంట్రెల్ జంట గొంతు రెండింటిలోనూ ఉంటుంది. దాన్ని వేరు చేసి విన్నాకే డువాల్ గురించి మాట్లాడాలి.

ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఎక్కువగా తెచ్చేది లింకిన్ పార్క్ జత. చెస్టర్ బెనింగ్టన్ 2017 జూలై 20న చనిపోయాడు, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ‘ఫ్రమ్ జీరో’ 2024 నవంబర్ 15న వచ్చింది. చివరిదీ మొదటిదీ అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. చెస్టర్‌తో చివరిదైన ‘వన్ మోర్ లైట్’ మెత్తటి పాప్ ఆల్బమ్, గిటార్ల హోరు దాదాపు లేదు. దాని పక్కన ‘ఫ్రమ్ జీరో’ పెడితే ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చి బ్యాండుకు మళ్లీ రాక్ నేర్పినట్టు తోస్తుంది. గిటార్లు గట్టిగా ఉన్న 2014 నాటి ‘ద హంటింగ్ పార్టీ’ని, 2003 నాటి ‘మీటియోరా’ని తీసుకోండి. డ్రమ్మర్ రాబ్ బోర్డన్ తిరిగి రాలేదు, ఆ స్థానంలో కాలిన్ బ్రిటన్ వచ్చాడు, అది అనుమానితుల వరసలో రాయండి. ఆడగొంతు, మగగొంతు పోలిక కాబట్టి స్వరాల అంకెలు పక్కపక్కన పెడితే ఏమీ తేలదు. ఎవరి గొంతులో వాళ్లకు పై చివర ఎక్కడుందో చూసి, దానికి ఎన్ని మెట్ల దూరంలో చరణం నడుస్తోందో కొలవండి. మైక్ షినోడా ర్యాప్ ముక్కలు రెండు పక్కలా ఉన్నాయి, వాటిని ఒకసారి విడిగా వినండి. ఒకే మనిషి గొంతు రెండు ఆల్బమ్‌లలో ఎంత దగ్గరగా, ఎంత పెద్దగా పెట్టారో అక్కడ తెలుస్తుంది. ఆ తేడాను తీసేశాక మిగిలిందే ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు కింద రాయండి.